తల్లి సంతకం

అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చేవాళ్లు లోకంలో రెండు రకాలు. ఒకరు దాతలు, రెండోవాళ్లు అమాయకులు. మన దర్జీ రెండో రకం. జాకెట్టు కుట్టమని ఇస్తే, రేపు ఒళ్లొస్తే పనికొస్తుందని కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేవాడు. "నేను లావెక్కాలని శాపం పెడుతున్నారా మాస్టారూ?" అని ఆడవాళ్లు నవ్వితే, "ఉంటే పోయేదేముందమ్మా, కావాలంటే విప్పుకోవచ్చు" అనేవాడు. ఆ బుద్ధే ప్రభుత్వం దగ్గరా చూపించి, కొరివితో తల గోక్కున్నాడు.

అతని భార్య సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసేది. రెండేళ్ల కిందట జబ్బు చేసి మూడు వారాల్లో పోయింది. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ల పిల్లల్ని పెంచుతున్న భర్తకో భార్యకో ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తుంది. ఊరికే ఇవ్వదు. పిల్లలు ఆ మనిషి దగ్గరే పెరగాలి, బడికి వెళ్లాలి, ఆ మనిషి మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. ఇవన్నీ సవ్యంగా ఉన్నాయని ఏడాదికోసారి దరఖాస్తు నింపి, పిల్లలు చదువుతున్నట్టు బడి నుంచి ఒక కాగితం తెచ్చి జతచేయాలి. ఒక్కటంటే ఒక్కటే కాగితం.

ఆ పింఛను ఉండబట్టే అతను బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు పని మానేసి, ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు గుమ్మంలో కనిపించగలుగుతున్నాడు. అది ఆగిపోతే మళ్లీ ఫ్యాక్టరీయే గతి. ఆ ఫ్యాక్టరీ కూడా ఇప్పుడీ ఊళ్లో లేదు, రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే మరో ఊరికి తరలిపోయింది. అప్పుడు పిల్లలు హాస్టల్లో ఉండాలి, లేదా వాళ్ల మేనమామ ఇంట్లో ఉండాలి. ఈ సంగతి తలపుకొచ్చినప్పుడల్లా మిషను తొక్కుతున్న అతని కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి.

పిల్లలిద్దరు. పదేళ్ల ఆడపిల్లని అందరూ జడ్జమ్మ అంటారు, ఇంట్లో ఏ తగవొచ్చినా తీర్పు దానిదే కాబట్టి. ఆరేళ్లవాడు బుజ్జోడు. నాలుగో మనిషి అత్తగారు. కూతురు పోయినప్పుడు, పిల్లలకు తోడుగా నాలుగు రోజులుండి పోదామని ఒక చేతిసంచీతో వచ్చింది. ఆ నాలుగు రోజులు రెండేళ్లయ్యాయి.

అత్తా అల్లుడూ ఒక కప్పు కింద ఉంటే ఆ కప్పు ఎగిరిపోతుందని లోకం అనుకుంటుంది. ఈ ఇంటి కప్పు చెక్కుచెదరలేదు. అలాగని పోట్లాటలు లేవని కాదు. ఉప్పు దగ్గర పోట్లాట, కిటికీ తెరవడం దగ్గర పోట్లాట, బుజ్జోడి జుట్టు ఎప్పుడు కత్తిరించాలనే దగ్గర పెద్ద పోట్లాట. "మా అల్లుడు వజ్రమయ్యా. కాకపోతే చెవుల్లేని వజ్రం" అని పాలవాడితో చెప్పేది. ఆవిడ మోకాళ్ల నొప్పులు చూసి అల్లుడు వంటింటి గట్టుకు సరిపోయే ఎత్తు స్టూలు చేయించి తెస్తే, "డబ్బులెక్కువయ్యాయా?" అని తిట్టి, ఆ రోజు నుంచి దాని మీద మరెవర్నీ కూర్చోనివ్వలేదు. భార్య పోయాక తనకు మిగిలిన పెద్దదిక్కు ఆవిడేనని అతనికి తెలుసు. ఆ మాట పైకి అనడానికి మాత్రం సిగ్గు.

ఇక అసలు కథ. ఈ ఏడాది దరఖాస్తుకు బడి కాగితంతో పాటు బుజ్జోడి ప్రోగ్రెస్ కార్డు జెరాక్స్ కూడా జతచేశాడు దర్జీ. ఎవరూ అడగలేదు. కానీ వాడికి లెక్కల్లో నూటికి తొంభై ఆరు వచ్చాయి. అంతటి విషయం ప్రభుత్వానికి తెలియకపోతే ఎలా?

నెల తిరక్కుండా ప్రభుత్వం జవాబిచ్చింది. మార్కుల గురించి ఉలుకూ పలుకూ లేదు. 'మీరు సమర్పించిన కార్డులో తల్లి సంతకం గడిలో గత అయిదు నెలలుగా సంతకాలు ఉన్నందున, మీరు మళ్లీ వివాహం చేసుకున్నట్టు అనుమానించవలసి వస్తోంది. విచారణ ముగిసేవరకు పింఛను నిలిపివేయడమైనది. అసలు కార్డుతో, ఇంటిలోని వారందరితో సోమవారం ఉదయం పది గంటలకు హాజరు కాగలరు.'

దర్జీ ఆ ఉత్తరాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు.

ఆ సంతకాలు అతను చూడకపోలేదు. అయిదు నెలల కిందట, తండ్రి గడిలో తన సంతకం పెట్టి పంపిన కార్డు మళ్లీ చేతికొచ్చినప్పుడు, పక్కన తల్లి గడిలో భార్య సంతకం కనిపించింది. వంకరటింకరగా ఉంది కానీ ఆవిడదే. మొదటి అక్షరం పెద్దది, చివరి అక్షరం నుంచి వెనక్కి లాగిన పొడుగాటి తోక. కదులుతున్న బస్సులో పెట్టి పెట్టి అలవాటైన సంతకం. ఇది జడ్జమ్మ పనే అనుకున్నాడు. తమ్ముడి మీద ప్రేమతో చేసిందిలే, పిల్లని అడిగి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే అది ఒక్కటే కారణం కాదు. నెలకోసారి ఆ గడిలో ఆ పేరు చూస్తే అతనికి బాగుండేది. ఇంట్లో లేని మనిషి అలా వచ్చి వెళ్లినట్టు ఉండేది. మార్కులు చూసే నెపంతో కార్డుని కాసేపు చేతిలోనే ఉంచుకునేవాడు.

అత్తగారు పాలకు వెళ్లిన సమయం చూసి కూతుర్ని పక్కకు పిలిచాడు.

"తల్లీ, నిన్ను తిట్టను, కొట్టను. తమ్ముడి కార్డు మీద అమ్మ సంతకం నువ్వేగా పెట్టింది?"

జడ్జమ్మ కళ్లు ఇంతవయ్యాయి. "నేనా? నువ్వు కాదా నాన్నా?"

"నేనెందుకు పెడతానే?"

"నీకు అమ్మ గుర్తొచ్చి పెడుతున్నావేమో అనుకున్నా. అడిగితే ఏడుస్తావని అడగలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదు నెలలు ఒకరి తప్పును ఒకరు కడుపులో పెట్టుకుని కాచారన్నమాట. అంత బెంగలోనూ దర్జీకి నవ్వొచ్చింది. అక్కడే బొమ్మకారు నడుపుకుంటున్న బుజ్జోడిని పిలిచి, "ఒరే, నీ కార్డు మీద సంతకం ఎవరు పెట్టార్రా?" అని అడిగాడు.

"అమ్మ" అన్నాడు వాడు, కారు ఆపకుండానే.

ఇక ఏమడుగుతాడు? మిగిలింది అత్తగారు. ఆవిడ పాల పుస్తకంలో కూడా వేలిముద్రే వేస్తుంది, బస్సు మీద ఊరి పేరు చదవడానికే పక్కవాళ్లని అడుగుతుంది. ఆవిడ సంగతి ఆలోచించడం కూడా అనవసరం అనుకున్నాడు. ఉత్తరం సంగతి ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆ వయసులో అన్నం మానేస్తుంది. "ఏటేటా ఉండేదే అత్తయ్యా, ఈసారి అందర్నీ చూస్తారట" అని మాత్రం అన్నాడు. ఆఫీసులో ఏం చెప్పాలో మనసులో నిర్ణయించుకున్నాడు. కూతురు భయపడి అబద్ధం చెబుతోందేమోనని అతనికి ఇంకా అనుమానం. పదేళ్ల పిల్లని విచారణలో నిలబెట్టే కన్నా నేరం తన నెత్తిన వేసుకోవడం మేలు.

సోమవారం పింఛన్ల ఆఫీసు. పొడుగాటి గది, గోడల నిండా తాళ్లతో కట్టిన ఫైళ్లు, పైన తిరగాలా వద్దా అని ఆలోచించుకుంటున్న ఫ్యాను. సూపరింటెండెంటు యాభై దాటిన ఆవిడ. కళ్లజోడు ముక్కు మీదకు దించుకుని, మనిషిని అద్దాల పైనుంచీ కాగితాన్ని అద్దాల్లోంచీ చూసే రకం. పక్క బల్ల దగ్గర గుమాస్తా. గోడవారగా బెంచీ మీద అత్తగారు, ఆవిడకు అటూ ఇటూ పిల్లలు.

సూపరింటెండెంటు ఒక పక్క కార్డు, ఇంకో పక్క పోయినావిడ సర్వీసు పుస్తకం తెరిచి పెట్టింది.

"మళ్లీ పెళ్లి చేసుకున్నారా?"

"లేదండి."

"అయితే ఈ సంతకం ఎవరిది? చూడబోతే మీ భార్యదే. చనిపోయినావిడ ప్రతి నెలా వచ్చి కొడుకు మార్కులు చూసుకుని వెళ్తోందా?"

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "నేనే పెట్టానండి. పిల్లాడు బాధపడుతున్నాడని."

"మీరా? సరే." ఆవిడ ఒక తెల్లకాగితం ముందుకు తోసింది. "ఏదీ, ఇక్కడ పెట్టండి."

ఏ మెడ డిజైనైనా ఒక్కసారి చూస్తే దించేయగల చెయ్యి అది. మొదటి అక్షరం దగ్గరే మొరాయించింది. రెండోసారి పెడితే మొదటిదానికన్నా ఘోరం. మూడోసారి తోక లాగేసరికి కాగితం చిరిగింది.

"మాస్టారూ, మీకు అబద్ధం కుట్టడం చేతకాదు" అంది సూపరింటెండెంటు. "ఎవర్ని వెనకేసుకొస్తున్నారు? చూడండి, ఇదేదో తేలకపోతే నేను పింఛను విడుదల చేయలేను. ఫైలు పైకి పంపుతాను. అక్కడికెళ్లిన ఫైలు ఎప్పుడు దిగుతుందో నాకూ తెలీదు."

అప్పుడు బెంచీ మీద నుంచి జడ్జమ్మ లేచింది. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నాన్నని ఏమీ అనకండి. నేనే పెట్టాను."

దర్జీ వెనక్కి తిరిగాడు. మొన్న కళ్లు పెద్దవి చేసి కాదన్న పిల్ల, ఇవాళ తన కోసం అవునంటోంది. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అది తన కోసం ఆడుతున్న అబద్ధమని కన్నతండ్రికి తెలిసిపోయింది.

"మీది కుటుంబమా, నాటకం కంపెనీయా?" అంది సూపరింటెండెంటు. గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

అత్తగారికి ఈ గొడవంతా సగం సగం వినిపిస్తోంది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచి, బల్ల దగ్గరికొచ్చింది. "ఏంటి అల్లుడూ, పిల్ల ఎందుకు ఏడుస్తోంది? ఏమడుగుతున్నారు వీళ్లు?"

"ఏం లేదత్తయ్యా, మీరు కూర్చోండి."

"ఏం లేకపోతే నీ మొహం అలా ఎందుకుంది?"

సూపరింటెండెంటే కార్డు తిప్పి చూపించింది. "ఈ సంతకం ఎవరు పెట్టారో తేలాలమ్మా. తేలకపోతే మీ అల్లుడికి పింఛను రాదు. పని వెతుక్కుంటూ వేరే ఊరు పోవాలని, పిల్లలు ఒకచోట ఆయన ఒకచోట అయిపోతారని ఆయనే దరఖాస్తులో రాసుకున్నారు."

అత్తగారు కార్డు వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. "ఓసి ఓసి! దీనికా ఇంత? పెట్టింది నేను."

ఈసారి గుమాస్తా పైకే నవ్వాడు. ఇందాక హాజరు పట్టీలో ఆవిడ వేసిన వేలిముద్ర ఇంకా తడి ఆరలేదు. "మూడో ముద్దాయి కూడా వచ్చింది మేడమ్" అన్నాడు.

"నవ్వుతావేం నాయనా? కలం ఇటివ్వు."

కలాన్ని ఆవిడ గరిట పట్టుకున్నట్టు పట్టుకుంది. చిరిగిన కాగితం మీద, అల్లుడి మూడు వంకర సంతకాల కింద, నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా రాసింది. పెద్ద మొదటి అక్షరం, తర్వాత రెండు చిన్నవి, చివరి నుంచి వెనక్కి లాగిన తోక. తోక లాగేటప్పుడు మాత్రం చెయ్యి తడుముకోకుండా పోయింది.

సర్వీసు పుస్తకంలో సంతకానికీ దీనికీ పెద్ద తేడా లేదు. గుమాస్తా నవ్వు ఆగిపోయింది.

"మీకు చదవడం రాయడం వచ్చా?" అంది సూపరింటెండెంటు.

"రావమ్మా. ఇదొక్కటే వచ్చు."

"ఎలా వచ్చింది?"

"వీడొక రోజు బడి నుంచి ఏడుస్తూ వచ్చాడు. అందరి కార్డుల్లో రెండు గళ్లూ నిండుతాయట, వీడిదొక్కటే ఒక గడి ఖాళీ అట. పక్కన కూర్చునే పిల్ల అడిగిందట, మీ అమ్మకి రాయడం రాదా అని." అత్తగారి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "నా కూతురికి రాయడం రాదా? రోజుకెన్ని టిక్కెట్లు కొట్టేది, ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టేది! రాయడం రానిదాన్ని నేను. పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకుంది అది. దాన్ని పట్టుకుని అంత మాటా? అందుకే నేర్చుకున్నా. పెద్దదాని పాత కార్డులో వాళ్లమ్మ సంతకం ఉంటే, అది ముందు పెట్టుకుని, పళ్లెంలో పిండి పోసుకుని వేలితో దిద్దా. వీడే నా మాస్టారు. మూడు వారాలు పట్టింది. తోక దగ్గర వీడు చాలా తిట్టాడు."

"అమ్మమ్మకి తోక రాలేదు" అన్నాడు బుజ్జోడు బెంచీ మీద నుంచి. "తర్వాత వచ్చింది."

"మరి ఎవరు పెట్టారంటే అమ్మ అన్నావేంరా?" అన్నాడు దర్జీ.

"అలాగే చెప్పమంది అమ్మమ్మ. పేరు అమ్మదే కదా అంది."

"వేరేవాళ్ల సంతకం పెట్టడం తప్పని తెలీదా అమ్మా?" అంది సూపరింటెండెంటు, గొంతు కొంచెం తగ్గించి.

"తప్పో ఒప్పో నాకేం తెలుసు తల్లీ. పిల్లాడు ఏడుపు మానాడు."

సూపరింటెండెంటు కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుస్తున్నంతసేపు ఎవరి వైపూ చూడలేదు. తర్వాత మళ్లీ పెట్టుకుని ఆఫీసరైపోయింది. "పింఛను ఆపను. ఆగింది కూడా ఇప్పిస్తాను. కానీ ఈ కార్డు ఇలా ఉంటే రేపు నా కుర్చీలోకొచ్చే ఇంకో ఆఫీసరు మళ్లీ ఆపుతాడు. ఈ అయిదు సంతకాలూ కొట్టేయాలి. కొట్టేసిన ప్రతి దాని పక్కనా మీరు వేలిముద్ర వేయాలి, పెట్టింది నేనే అని. ఇకనుంచి ఆ గడిలో అమ్మమ్మగా మీ ముద్రే వేయొచ్చు, బడివాళ్లకు నేను రాసిస్తాను."

"కొట్టేయడమంటే?"

"పేరు మీద అడ్డంగా గీత గీయాలమ్మా."

అప్పటిదాకా గదంతా తనదే అన్నట్టు మాట్లాడిన అత్తగారు, కార్డు వైపు చూస్తూ చిన్నదైపోయింది. దర్జీ అది భరించలేకపోయాడు. ముందుకొచ్చి కలం అందుకోబోయాడు.

"ఇలా ఇవ్వండత్తయ్యా. నేను గీస్తాను. ముద్ర ఒక్కటీ మీరు వేద్దురుగాని."

ఆవిడ కలం వదల్లేదు. "వద్దులే. దానికి ఆ పేరు పెట్టింది నేను. ఎవరో కొట్టేస్తుంటే చూడలేను."

"నేను ఎవరోనా అత్తయ్యా?"

"కాదు నాయనా." ఆవిడ ఎడమ చేత్తో అల్లుడి చెయ్యి తడిమి పట్టుకుంది. రెండేళ్లలో ఎప్పుడూ అలా పట్టుకోలేదు. "నువ్వు నా దగ్గర నిలబడు, చాలు. నువ్వూ పిల్లలూ ఒకచోట ఉంటే చాలు నాకు."

అతను నిలబడ్డాడు. జడ్జమ్మ కూడా వచ్చి అమ్మమ్మ కొంగు పట్టుకుంది. ఆవిడ మొదటి సంతకం మీద గీత గీసింది. అది మరీ వంకర సంతకం, అంత కష్టం అనిపించినట్టు లేదు. గుమాస్తా ఇంకు పెట్టె తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని వంగాడు. ముద్ర వేసింది. రెండోదీ, మూడోదీ అలాగే. నాలుగోదాని దగ్గర కొంచెం ఆగి, ఊపిరి తీసుకుని గీసింది.

అయిదోదాని దగ్గర కలం కదల్లేదు. అది పోయిన నెల పెట్టింది. అన్నిటికన్నా బాగా కుదిరింది. అక్షరాలు నిటారుగా, తోక ఒక్క ఊపులో.

"ఇది చూడు అల్లుడూ" అంది మెల్లగా. "ఇది బాగా వచ్చింది కదూ?"

దర్జీ వంగి చూశాడు. కళ్లలో నీళ్లు అడ్డొచ్చి అక్షరాలు అలికినట్టయ్యాయి. అయినా చూశాడు.

"అచ్చం తను పెట్టినట్టే ఉందత్తయ్యా."

"ఆ" అంది ఆవిడ తృప్తిగా. కాసేపు దాని వైపే చూసుకుని, దాన్నీ కొట్టేసింది.